పదిహేడో నంబరు చుక్క

మా ఎర్ర ఈకల కోడి, డేగ పెట్ట, పన్నెండో గుడ్డు పెట్టి ఇక గంపలోంచి లేవలేదు. మా అత్తమ్మ సువార్తమ్మ దాన్ని బయటికి లాగి, నీళ్ల తొట్టిలో మూడు ముంచులు ముంచి, దాని రెక్కలోంచే ఒక ఈక పీకి ముక్కు కన్నాల్లో దూర్చింది. అలా చేస్తే పొదిగే వేడి దిగిపోయి కోడి మళ్లీ గుడ్లకొస్తుందని మా మెట్టపాలెంలో అందరూ చేసేదే.

"సరిగ్గా పట్టుకోవే దీవెనా! పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటావేంటి?" అని కేకలేసింది నా మీద.

నా ధ్యాస కోడి మీద లేదు. లోపల ఉయ్యాల్లో పాప ఐదు నిమిషాల నుంచి చప్పుడు చెయ్యట్లేదు. నెలన్నర పిల్ల. నిద్రపోతే ఎందుకు నిద్రపోతోందని భయం, ఏడిస్తే ఎందుకేడుస్తోందని భయం నాకు. ఉయ్యాల తాడు తెగుతుందేమోనని రోజుకి నాలుగుసార్లు ముడి చూసేదాన్ని. మా ఆయన రత్నరాజు నవ్వేవాడు. "నీకు పుట్టింది పిల్ల కాదే, గాజు సీసా" అనేవాడు.

అత్తమ్మ చెయ్యి వదలగానే డేగ పెట్ట ముక్కులో ఈకతోనే నడుచుకుంటూ వెళ్లి ఖాళీ గంపలో కూర్చుంది. గుడ్లన్నీ మేం తీసేశాం. గంపలో ఒక గుండ్రటి రాయి ఉంటే దాన్నే పొట్ట కిందకి లాక్కుని రెక్కలు పరిచింది.

"దీని దుంప తెగ!" అంది అత్తమ్మ.

మావి జాతి కోళ్లు. మా మామగారి తాత నాటి నుంచి వేరే నెత్తురు కలవనివ్వలేదు. రోగాలొచ్చి ఊళ్లో ఫారం కోళ్లు వరసగా తలలు వాల్చేసినప్పుడు కూడా మావి తిరుగుతూనే ఉన్నాయంటారు. వాటి లోపం ఒక్కటే, గుడ్లు. పన్నెండు పెట్టి పొదగడం, తర్వాత మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకు తిరగడం. ఏడాదికి నలభై గుడ్లు వస్తే గొప్ప. ఫారం కోడితో కలిపితే గుడ్లు పెరుగుతాయి, జాతి పోతుంది. ఆ సంగతి తేలక అన్ని ఇళ్లలోనూ కోళ్లు తగ్గిపోతూ వచ్చాయి.

సరిగ్గా ఆ రోజే వైదేహి మేడం గారు మా ఇంటికొచ్చారు. కోళ్ల పరిశోధన కేంద్రంలో పని చేసే డాక్టరు గారు. చేతిలో చల్లటి పెట్టె. డేగ పెట్టని చూసి అడిగారు.

"అయ్యో, ముక్కులో ఆ ఈకేంటమ్మా?"

"మరేం చెయ్యమంటారండీ? దాని బదులు మీరొచ్చి కూర్చుంటారా?" అంది అత్తమ్మ.

మేడం గారు నవ్వేశారు. ఆవిడ కోపం తెచ్చుకోనందుకు అత్తమ్మ లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

మేడం గారు ఒక చిన్న సీసా తీశారు. మూత మీద పదిహేడు అని అంకె. డేగ పెట్టని ఒళ్లో పెట్టుకుని, ఈక మెల్లిగా తీసి, కంటి రెప్ప పైకి లాగి ఒక్క చుక్క వేశారు. కోడి రెండుసార్లు రెప్పలాడించింది.

"కోడి తలలో ఒక రసం ఊరుతుంది. అది ఊరితే గుడ్లు ఆగిపోయి పొదగాలనిపిస్తుంది. ఈ చుక్క పడ్డాక, ఆ రసాన్ని ఊరింది ఊరినట్టు తినేసే మందు కోడి ఒంట్లోనే తయారవుతుంది. కోడి జాతి మారదు. కూర్చోవాలనే కోరిక పోతుంది, అంతే."

"మరి పిల్లలో?" అన్నాను.

"మెషిన్లో పొదిగించి మేమే ఇస్తాం."

"ఆ గుడ్లు మనుషులు తినొచ్చాండీ? నేను పాలిచ్చేదాన్ని."

"నిక్షేపంగా తినమ్మా. ఉడకబెట్టి, వేపి, కూరొండి, అన్ని రకాలుగా పరీక్ష చేశాం. వేడి తగలగానే ఆ మందు చచ్చిపోతుంది."

"మీరు తిన్నారాండీ?"

"నేను గుడ్డు తిననమ్మా. మా ఇంట్లో ఎవరం తినం."

"ఎంత విడ్డూరం! గుడ్డు ముట్టని మనిషి మనకి గుడ్లు పెంచడానికొచ్చింది" అని అత్తమ్మ నా చెవిలో గట్టిగానే అంది. ఆవిడకి మెల్లిగా మాట్లాడ్డం రాదు.

ఇంకా ఏదో అడగాలనిపించింది నాకు. ఏమిటో తెలియలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను కాబట్టి నా మీద నాకే విసుగొచ్చి ఊరుకున్నాను. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువాపేసిన దాన్నైనా, చుక్క వేయించుకున్న పద్నాలుగిళ్లలో చేతిరాత బాగున్నది నాదేనని మేడం గారు నాకే పుస్తకమిచ్చారు. ఏ ఇంట్లో ఏ పెట్టకి చుక్క వేసిందీ, వారానికెన్ని గుడ్లొచ్చిందీ రాయడం నా పని.

*

పదో రోజుకల్లా డేగ పెట్ట రాయిని వదిలేసింది. పద్నాలుగో రోజు గుడ్డు పెట్టింది. మర్నాడు ఇంకోటి. ఒకరోజు విడిచి మళ్లీ రెండు. ఊరంతా అదే ముచ్చట. గంపలు చాలక బియ్యం చేటల్లో పెట్టేవాళ్లు.

పెట్టిన గుడ్డుని ఏ పెట్టా వెనక్కి తిరిగి చూసేది కాదు. అదివరకు గంప దగ్గరికి చెయ్యి పోతే మెడ ఈకలు నిక్కబొడుచుకుని పొడిచేవి. ఇప్పుడు చెయ్యి పెడితే పక్కకి జరిగి దారిచ్చేవి. ఒకసారి డేగ పెట్ట తన గుడ్డు మీదే కాలేసి, పగిలితే, ఆ సొన తొక్కుకుంటూ నూకల కోసం వెళ్లిపోయింది.

మెడ మీద నల్ల ఈకలుండే నల్ల సవల పెట్ట సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. చుక్క వేసేటప్పటికి దాని కింద ఎనిమిది పిల్లలున్నాయి. "ఉంటే ఏంటి, దానికీ వెయ్యండి, త్వరగా గుడ్లకొస్తది" అని అత్తమ్మ వేయించింది. మూడో వారం మిట్టమధ్యాహ్నం పెరట్లో గద్ద నీడ పడింది. అలాంటప్పుడు తల్లి గొంతు మార్చి ఒక్క కూత వేస్తే చాలు, పిల్లలన్నీ రెక్క కిందకి దూరిపోతాయి. ఇది కూయలేదు. పెంటకుప్పని కాలితో గీరుకుంటూ ఉంది. గద్ద దిగి ఒక పిల్లని తన్నుకుపోయింది. అది తలైనా ఎత్తలేదు. మిగిలినవి కియ్యో కియ్యో అంటూ దాని కాళ్ల చుట్టూ తిరిగితే విసుగ్గా పక్కకి తప్పుకుంది. నేను చెప్పు విసిరి, ఏడింటినీ కొంగులో వేసుకుని లోపలికి పరిగెత్తి, పాపని కూడా ఒళ్లో పెట్టుకుని తలుపు గడియ పెట్టుకున్నాను.

"గద్ద పాపనెత్తుకుపోతుందా ఏంటి? తలుపు తియ్యి, నవ్విపోతారు" అంది అత్తమ్మ బయట నుంచి.

నాకు గట్టిగా భయమేసిన చివరి రోజు అదే. అప్పటికి తెలీదు.

మా వైపు బాలింత నడుము గట్టిపడాలని పొద్దున్నే పరగడుపున పచ్చి గుడ్డు తాగిస్తారు. గ్లాసులో నాటు గుడ్డు కొట్టి, రెండు చెంచాల నువ్వుల నూనె పోసి, ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగెయ్యాలి. ఈడేరిన ఆడపిల్లకీ అంతే. అదివరకు గుడ్లు దొరక్క వారానికి రెండు తాగిస్తే గగనం. ఇప్పుడు రోజూ ఒకటి, ఒక్కోరోజు రెండు. "నా కోడలికి కొదవా?" అని మా అత్తమ్మ గ్లాసు పట్టుకుని, నేను తాగేదాకా కదిలేది కాదు. ప్రేమ కొద్దీ చేసిందావిడ. ఈ మాట ముందే చెప్పాలి.

*

నాకు నెమ్మది వచ్చింది. అంతకంటే వేరే మాట తెలీదు. ఒకరోజు మధ్యాహ్నం పడుకుని లేస్తే మూడు గంటలైంది. పాపకి తడి గుడ్డ మార్చి, అప్పుడు గుర్తొచ్చింది, ఉయ్యాల ముడి చూసి ఎన్ని రోజులైందో. చూడాలనిపించలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కడుపుతో ఉన్నప్పటి నుంచి గుండెల మీదున్న బండ ఎవరో దించేసినట్టుంది.

"ఇప్పుడు మనిషిలా ఉన్నావే" అంది అత్తమ్మ.

"పాప తుమ్మితే నన్ను డాక్టరు దగ్గరికి పరిగెత్తించేది. ఇప్పుడు చూడమ్మా, ఎంత నిదానమొచ్చిందో!" అన్నాడు మా ఆయన. పామాయిల్ తోటలో గెలలు కోసి అలిసిపోయి వచ్చే మనిషి, ఇంట్లో గోల తగ్గినందుకు సంతోషించాడు.

పాలు తగ్గాయి. డబ్బా పాలు తెచ్చారు. నాకు బాధనిపించలేదు. అందరికీ తగ్గుతాయి కదా అనుకున్నాను.

తర్వాత ఆ శుక్రవారం. అత్తమ్మ ప్రార్థనకి వెళ్లింది. నేను అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్నాను. లోపల పాప ఏడుపు మొదలెట్టింది. వినపడుతూనే ఉంది. పక్కింట్లో మిక్సీ తిరిగితే వినపడదూ, అలా. ఈ ఏరడం అయ్యాక చూద్దాం అనుకున్నాను. ఏరడం అయింది. తర్వాత నూకలు చెరిగాను. చెరిగిన నూకలు కోళ్లకి జల్లి, చేట తిరగేసి గోడకి పెట్టాను.

మా ఆయన అన్నానికొచ్చాడు. వాకిట్లోనే బండి పడేసి లోపలికి పరిగెత్తాడు. పాపనెత్తుకుని బయటికొచ్చాడు. పిల్ల గొంతు పోయింది. నోరు తెరుస్తోంది, చప్పుడు రావట్లేదు. మెడ మడతలో ఎర్రచీమలు పట్టి కందిపోయింది.

"వినపళ్లేదా నీకు?"

"వినపడింది."

"మరి?"

"మరి, ఏంటి?" అన్నాను.

ఎదురు తిరిగి అన్న మాట కాదది. నిజంగానే అడిగాను. వినపడితే ఏం చెయ్యాలో ఆ మనిషి నాకు చెబుతాడేమోనని అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. పెళ్లయ్యాక ఆయన నన్ను చూసి వెనక్కి జరగడం అదే మొదలు.

సాయంత్రం సంగతి విని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "నీరసంరా అబ్బాయ్, ఒట్టి నీరసం. ఒంట్లో సత్తువ లేక బుర్ర పనిచెయ్యట్లా దానికి" అంది. మర్నాటి నుంచి గ్లాసులో రెండు గుడ్లు కొట్టింది.

*

తర్వాతి బుధవారం సబ్ సెంటర్లో పిల్లలకి సూదులు. ఆరుగురు తల్లులం బల్లల మీద కూర్చున్నాం. నర్సమ్మ ఒకరి తర్వాత ఒకరికి వేసింది. ఆరుగురు పిల్లలూ కలిసి ఏడుపు లంకించుకున్నారు. రేకుల షెడ్డు అదిరిపోతోంది.

"భలే భలే! పోయిన్నెల ఒక్కొక్కళ్లూ నా జుట్టు పట్టుకున్నంత పనిచేశారు. ఇప్పుడు మీ మెట్టపాలెం తల్లులకి ఎంత ధైర్యమొచ్చిందో!" అని నవ్వింది నర్సమ్మ.

తలెత్తి చూశాను. ఊరికి కొత్తగా వచ్చిన లైన్‌మన్ భార్య ఒక్కతే పిల్లాణ్ని గుండెకదుముకుని తనూ ఏడుస్తోంది. మిగతా వాళ్లం పిల్లల్ని సంచులు పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకుని కూర్చున్నాం. ఒకావిడ ఫోన్ చూసుకుంటోంది. నా పక్కన, నా ఈడు పిల్ల లోవకుమారి గోడ మీద బొమ్మ చూస్తూ, బొటనవేలితో నేల గీరుతోంది. దాని కొడుకు దాని మోకాలి మీద నుంచి జారిపోతున్నాడు.

ఆ వేలు అలా గీరడం నేను ఎక్కడో చూశాను. పెంటకుప్ప మీద చూశాను.

ఆ క్షణం నాకు ఒళ్లు జలదరించాలి. ఏమీ కాలేదు. కానీ బుర్ర పనిచేసింది, లెక్క కట్టినట్టు. చుక్క వేసిన ఇళ్ల పేర్లన్నీ నా చేతిరాతే కదా. ఇక్కడున్న ఆరుగురిలో ఐదుగురివి ఆ ఇళ్లే. లైన్‌మన్ వాళ్లకి కోళ్లు లేవు.

"లోవా, పచ్చి గుడ్డు తాగుతున్నావా?"

"రోజూ. మా అమ్మ పోస్తది. ఏం?"

"పిల్లాడు పడిపోతున్నాడు, పట్టుకో."

"ఆఁ" అని పట్టుకుంది. ఎవరో వస్తువు పడిపోయిందని చెబితే తీసినట్టు.

మిగతా ముగ్గుర్నీ అడిగాను. అందరూ తాగుతున్నారు. అందరికీ పాలు తగ్గాయి. అందరూ ఈ మధ్య హాయిగా నిద్రపోతున్నారు.

*

మర్నాడు మా ఆయన్ని బండి మీద పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లమన్నాను. అప్పటికి ఆయన నాతో మాట్లాడి ఆరు రోజులైంది. దారంతా పాపని ముందు తన చొక్కాకి కట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తోలాడు.

పరిశోధన కేంద్రంలో ఆఫీసరు గారి గదిలో సమావేశం జరుగుతోంది. అదివరకైతే పెద్దవాళ్ల తలుపు తట్టాలంటే నాకు నోరెండిపోయేది. సరాసరి తలుపు తోసుకుని వెళ్లాను. బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. గోడ మీద తెరలో పెద్ద అక్షరాలు, వచ్చే నెల నుంచి నలభై ఊళ్లు అని.

"మేడం గారండీ, ఆ గుడ్లు పచ్చివి పరీక్ష చేశారా?"

వైదేహి మేడం గారు లేచి నిలబడ్డారు. "పచ్చివా? పచ్చి గుడ్డు ఎవరు తింటారమ్మా?"

"బాలింతలు తాగుతారండి. ఈడేరిన పిల్లలు తాగుతారు. మా వైపు అందరం తాగుతాం."

ఒకాయన "ఈవిడెవరు, లోపలికెవరు రానిచ్చారు?" అన్నాడు. మేడం గారు ఆ మాట వినిపించుకోలేదు. మా ఆయన చొక్కాకి కట్టుకున్న పాపని చూశారు, నన్ను చూశారు.

"పాలు?" అని మాత్రం అడిగారు.

"ఎండిపోయాయండి. అది కాదు నేను చెప్పొచ్చింది. ఏడిస్తే వినపడుతుందండీ. వెళ్లాలనిపించట్లేదు."

ఆవిడ కుర్చీ వీపు పట్టుకున్నారు. తర్వాత నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి నెత్తురు తీయించి, చెప్పారు. కోడిని పొదగమని కూర్చోబెట్టే రసమూ, తల్లిలో పాలు పడేలా, పిల్ల ఏడిస్తే లేచి పరిగెత్తేలా చేసే రసమూ ఒకే రకమట. కోడి తయారుచేసిన మందు గుడ్డు సొనలోకి దిగుతుంది. మనిషి రసం కొంచెం వేరు కాబట్టి ఏమీ కాదనుకున్నారు, పైగా వేడికి చచ్చిపోతుంది కదా అని. ఉడకని గుడ్డు సంగతి ఎవరికీ తట్టలేదు. పరీక్షలు చేసిన నలుగురిలో ఇద్దరు గుడ్డే తినరు, ఇద్దరు ఆమ్లెట్ తింటారు.

"నేను మీ అత్తగారిని అడగాల్సింది" అన్నారు. "మీ ఇంటికొచ్చాను, నీళ్లు తాగాను. బాలింతకి ఏం పెడతారమ్మా అని ఒక్క మాట అడగలేదు."

ఆవిడ ఏడ్చారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఓదార్చాలని తెలుసు. తెలియడం వేరు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని మళ్లీ ఆ గదిలోకి వెళ్లారు. అరుపులు వినపడ్డాయి. పదకొండేళ్ల పని అని ఎవరో అన్నారు. పచ్చివి తాగొద్దని ఒక కాగితం అంటిస్తే సరిపోదా అన్నారు ఇంకెవరో. "ఆ కాగితం వీళ్ల అమ్మమ్మలు చదువుతారా?" అన్న మేడం గారి గొంతు అన్నిటికంటే పైన వినపడింది. బయటికొచ్చేసరికి ఆవిడ చేతిలో సంతకం పెట్టిన కాగితముంది. పథకం ఆపేశారు. ఊళ్లో చుక్క వేసిన కోళ్లన్నిటినీ తీసుకెళ్లిపోతారు.

"నాకు మళ్లీ వస్తుందాండీ?" అని అడిగాను.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నన్ను కోళ్ల షెడ్డులోకి తీసుకెళ్లి చూపించారు. అదివరకే చుక్క వేసిన ఎనిమిది పెట్టల కింద, గుడ్డివెలుతురులో, ఒక్కరోజు వయసున్న కోడిపిల్లల్ని పెట్టి చూశారట. అవి తన్నేస్తే మళ్లీ పెట్టడం, పొడిస్తే మళ్లీ పెట్టడం. పిల్ల ఒంటి వెచ్చదనం పొట్ట చర్మానికి తగులుతూ ఉంటే ఆ రసం మళ్లీ ఊరుతుందేమోనని. మూడింటికి వచ్చింది. ఒకదానికి తొమ్మిదో రోజు, ఒకదానికి పంతొమ్మిదో రోజు, ఒకదానికి నెల దాటాక. ఆ మూడూ రెక్క పైకెత్తి పిల్లని లోపలికి రానిచ్చాయి.

"మిగతా ఐదు?"

"రాలేదు. అవి కోళ్లమ్మా. మనుషుల సంగతి నాకు తెలీదు. గుడ్లు ఆపెయ్యి. పాపని ఒంటికి ఆనించుకునే ఉండు. పాలు లేకపోయినా రొమ్ము పట్టించు. నీకేమీ అనిపించకపోయినా సరే."

*

డేగ పెట్టనీ, నల్ల సవలనీ, మిగతా వాటన్నిటినీ వ్యానులో ఎక్కించుకుపోయారు. నాలుగు తరాల జాతి. అత్తమ్మ వ్యాను వైపు చూడలేదు. పెరటి మెట్టు మీద కూర్చుని గాజు గ్లాసు చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉంది.

"నా చేత్తో పోశానే" అంది. "రోజూ నా చేత్తోనే పోశాను."

"మీకేం తెలుసు అత్తమ్మా."

"నువ్వలా చల్లగా చెబుతుంటే ఇంకా మండుతోందే. నన్ను తిట్టవే తల్లీ, ఒక్క తిట్టు తిట్టు."

తిట్టడానికి నాకు కోపం రాలేదు. కావాలంటే తిడతానన్నాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్లిపోయింది.

రవికె విప్పేసి పాత చీరతో పాపని గుండెకి కట్టుకున్నాను. వంట చేసినా, ఊడ్చినా, అలాగే. మేడం గారు చెప్పారని మిగతా నలుగురూ అలాగే కట్టుకున్నారు. ఫోనులో రెండు గంటలకొకసారి గంట పెట్టుకున్నాను, పాపకి పాలు పట్టాలని గుర్తు రావడానికి. పాప రొమ్ము పట్టి, పాలు రాక, వదిలేసి ఏడుస్తుంది. మళ్లీ పట్టిస్తాను. బరువుగా, వెచ్చగా, చెమటగా ఉంటుంది. కూరగాయల సంచి బరువు తెలిసినట్టే తెలుస్తుంది. నాలుగో రోజు నుంచి మా ఆయన మళ్లీ మాట్లాడుతున్నాడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కున్న చెంబు కింద పెట్టకముందే నా మొహంలోకి చూస్తాడు. నేను తల అడ్డంగా ఊపుతాను. "రేపు" అంటాడు. తొమ్మిదో రోజు పోయింది. పంతొమ్మిదో రోజు పోయింది. ఇరవై ఆరో రోజుకి కూడా నాలో ఏమీ కదలలేదు.

ఆ రోజే లోవకుమారి వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది.

"అమ్మాయ్ దీవెనా, ఒకసారి రా అమ్మా. ఇది జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోతానంటంది. పిల్లాణ్ని నన్ను ఉంచుకోమంటంది. వారం నుంచి ముట్టుకోలేదు. పిల్లాడు దాని వైపు చేతులు చాపడం కూడా మానేశాడమ్మా."

పాపని కట్టుకునే వెళ్లాను. లోవ మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది. నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పక్కనే సర్ది ఉన్నాయి. పిల్లాడు చాప మీద పడుకుని చూరు వైపు చూస్తున్నాడు.

"నువ్వు కూడా చెప్పడానికొచ్చావా?" అంది. "పద్దెనిమిది రోజులు కట్టుకున్నా. నడుం పోయింది. ఏం లేదు. మా అమ్మ నాకంటే బాగా చూస్తది వాణ్ని. ఇద్దరికీ అదే మేలు."

నిజానికి ఆ మాటలో తప్పేమీ కనపడలేదు నాకు. వాళ్లమ్మ బాగానే చూస్తుంది. నేను లేచి వచ్చేయొచ్చు. కానీ లేస్తే మర్నాడు నేను కూడా చీర ముడి విప్పేస్తానని అర్థమైంది. మా ఐదుగురిలో ఒకరు విప్పితే మిగతా అందరం విప్పేస్తాం.

"నాకొచ్చింది లోవా" అన్నాను.

జడ ఆపింది. "ఎప్పుడు?"

"మొన్నీమధ్య."

"అబద్ధం. నీ మొహం అలాగే ఉంది."

"మొహంలో నీకేం కనపడుద్దే?"

"అయితే చెప్పు. ఎలా ఉంటది?"

వెతుక్కోవాల్సి వచ్చింది. నాకు తెలిసిన ఊరే, కానీ దారి మర్చిపోయినట్టుంది. మెల్లిగా చెప్పాను.

"మంచినీళ్లు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోతావు. ఎందుకాగావో నీకే తెలీదు. చెంబు కింద పెట్టి వెళ్లి చూస్తే వాడు ఊరికే పడుకునుంటాడు, ఏమీ కాదు. తిరిగొచ్చి చెంబు తీస్తావు. మళ్లీ వెళ్లాలనిపిస్తది. ఎవరైనా వాణ్ని ఎత్తుకుంటే వాళ్ల చేతులే చూస్తుంటావు, సరిగ్గా పట్టుకున్నారా లేదా అని. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగదు. పక్క ఊళ్లో ఎవరి పిల్లకో జ్వరమని వింటే మన వాడి ఒళ్లు పట్టుకుని చూస్తావు. ఒక్క నిమిషం హాయిగా ఉండనివ్వదు."

లోవ జడ పాయలు చేతిలో పట్టుకునే నా వైపు తిరిగింది.

"అంత కష్టమా?"

"అంత కష్టమే."

బయట ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఫ్యాక్టరీకి ఆడవాళ్లని తీసుకెళ్లే ఆటో. ఆటోలోంచి ఎవరో "లోవా, వస్తన్నావా లేదా?" అని పిలిచారు. మళ్లీ కొట్టింది హారన్. లోవ సగం వేసిన జడ అలాగే వదిలేసి, టిఫిన్ డబ్బా వైపు చూసి, చాప వైపు చూసింది. ఆటో వెళ్లిపోయిన చప్పుడైంది.

వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

లోవ కిందకి వంగి పిల్లాణ్ని తీసింది. చంక కింద చేతులు సరిగ్గా పెట్టలేదు, తల వేలాడింది. నేను లేచి సర్దాను. రవికె హుక్కులు తీసి వాణ్ని ఆనించుకుంది. వాడు మొహం అటూ ఇటూ తిప్పి, పట్టి, వదిలేసి, మళ్లీ పట్టాడు. అది గోడ వైపు చూస్తూ కూర్చుంది. నేను పాత చీరతో ఇద్దర్నీ చుట్టి ముడి గట్టిగా బిగించాను దాని వీపు వెనక.

"ఎన్నో రోజన్నావు నీకొచ్చింది?" అంది.

నా గుండె మీద పాప కదిలింది. దాని వైపు చూడకుండానే చెప్పాను.

"ఇరవై."

"అయితే నాకింకా రెండు రోజులుంది" అంది లోవ.